ఉబ్బసం ఉంది, జనవరిలో మూడు రోజుల కొండ పరుగుకు పేరు ఇచ్చాను. చేసినవారు ఉన్నారా?

గుత్తికోట_ఉదయం
నాకు 34 ఏళ్లు. గుత్తి దగ్గర ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఎనిమిదో ఏట పట్టుకున్న ఉబ్బసం ఇంకా వదలలేదు. ఐదేళ్లుగా పరుగెత్తుతున్నాను. వారానికి మూడు రోజులు తెల్లవారకముందే గుత్తి కోట మెట్లు ఎక్కి దిగుతాను. ఆదివారం పొలాల గట్ల మీద పాతిక కిలోమీటర్లు. 50 కిలోమీటర్ల ట్రైల్ పరుగులు రెండు పూర్తి చేశాను. రెండూ వెచ్చటి వాతావరణంలో జరిగినవే.

ఇప్పుడు ఉత్తరాఖండ్ కొండల్లో మూడు రోజుల పరుగుకు పేరు ఇచ్చాను. మొదటి రోజు 48, రెండో రోజు 46, మూడో రోజు 36 కిలోమీటర్లు. రాత్రిళ్లు గుడారాల్లో బస. తెల్లవారుజామున చలి సున్నాకు ఏడెనిమిది డిగ్రీలు దిగువకు పోతుందట. మా ఊళ్లో పదిహేను డిగ్రీలకే రగ్గులు బయటికి తీస్తాం.

నాకు జరిగేది ఇది. పరుగెత్తుతున్నంతసేపు బాగానే ఉంటుంది. ఆగిన ఐదు పది నిమిషాలకు ఛాతీ బిగుసుకుపోయి పిల్లికూతలు మొదలవుతాయి. అరగంట వరకూ దగ్గు. చలి రోజుల్లో మరీ ఎక్కువ. నీలం పంపు, అదే ఇన్‌హేలర్, రెండు సార్లు పీలిస్తే తగ్గుతుంది. వారంలో మూడు నాలుగు సార్లు పంపు అవసరం పడుతోంది.

ఒక వైద్యుడి దగ్గరికి వెళ్లాను. నా మాట పూర్తి కాకముందే "ఉబ్బసం పెట్టుకుని పరుగేమిటమ్మా, మానేయండి" అన్నారు. స్టెతస్కోపు కూడా పెట్టలేదు. తోటి పరుగు స్నేహితురాలేమో దరఖాస్తులో "శ్వాసకోశ వ్యాధి ఉందా?" అన్న చోట లేదని రాసేయమంటోంది. అమ్మ రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

వరుసగా రెండు మూడు రోజులు ఉబ్బసంతో పరుగెత్తినవారు ఉన్నారా? చలిలో ఊపిరిని ఎలా కాపాడుకున్నారు? వద్దనేవారు కూడా రాయండి, కాకపోతే కారణం చెప్పి వద్దనండి.

పెన్నగట్టు
లేదని మాత్రం రాయకండి అమ్మా. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. కొండ మధ్యలో మీకు మాట పెగలని స్థితి వస్తే, దగ్గరికి పరుగెత్తుకొచ్చే కుర్రవాడి చేతిలోని కాగితమే మీ నోరు. అందులో అబద్ధం ఉంటే వాడు మీ ఛాతీ చూడాల్సింది పోయి కాలు చూస్తాడు.

నాకు 51. జమ్మలమడుగు మాది. ఇరవై రెండేళ్లుగా ఉబ్బసం, పదకొండేళ్లుగా పరుగు. రెండు రోజుల పరుగులు మూడు చేశాను, ఒకటి మధ్యలో ఆపేశాను. తీరిక చూసుకుని వివరంగా రాస్తాను.

తాడిపత్రి_బండ
నేను వద్దంటున్నాను. కారణం అడిగారు కాబట్టి చెబుతాను.

మా తమ్ముడికి 27 ఏళ్లు. మాకు బండల పాలిష్ యూనిట్ ఉంది, చిన్నప్పటి నుంచి ఆ దుమ్ములోనే పెరిగాం. వాడికి ఉబ్బసం. నీలం పంపు ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉండేది. రోజుకు నాలుగైదు సార్లు పీల్చేవాడు, పీలిస్తే బాగుంటుంది కదా అనేవాడు. ఒక దీపావళి రాత్రి వీధంతా టపాకాయల పొగ. వాడు పంపు తీసి నొక్కాడు. పొగలాగా వచ్చింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ వచ్చింది. తగ్గలేదు. నేను దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాను, లోపల ఏదో కదిలింది. మందు ఉంది, పీల్చరా, పీల్చు అని నేనే చెప్పాను. ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైపోయింది.

ఆ డబ్బాలో మందు ఎప్పుడో అయిపోయిందని, వచ్చింది ఉత్త గాలేనని తర్వాత తెలిసింది. వీధి చివర ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే మా వాడిని దక్కించుకోలేకపోయాం. మీరు మంచు కొండల్లోకి పోతానంటున్నారు. మీ అమ్మగారు మాట్లాడకపోవడం నాకు అర్థమవుతోంది.

గుత్తికోట_ఉదయం
అన్నా, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు ఇది మాకు చెప్పడం పెద్ద విషయం. ఇప్పుడే లేచి నా పంపు చూశాను. దాని వెనక అంకెల గడి లేదు. ఎన్ని సార్లు వాడానో నాకు తెలియదు.

మందుల_షాపు_ప్రొద్దుటూరు
@తాడిపత్రి_బండ అన్నా, ఊపి చూడటం ఒక్కటే కాదు, నీళ్ల గిన్నెలో డబ్బా వేసి తేలుతుందా మునుగుతుందా అని చూసేవారు కూడా ఉన్నారు. రెండూ నమ్మడానికి లేదు. మందు అయిపోయాక కూడా దాన్ని బయటికి నెట్టే వాయువు మిగిలి ఉంటుంది, నొక్కితే పిచికారీ వస్తూనే ఉంటుంది.

మా దగ్గర మామూలుగా అమ్ముడయ్యే నీలం పంపులో 200 మోతాదులు, ఒక్కో నొక్కుకు 100 మైక్రోగ్రాములు. లెక్క చూపించే గడి ఉన్నవి దొరుకుతాయి, అడిగి తీసుకోండి. లేకపోతే డబ్బా మీద మొదలుపెట్టిన తేదీ మార్కర్‌తో రాసి, వాడినప్పుడల్లా ఫోనులో గీత పెట్టుకోండి. నా దగ్గరికి వచ్చేవారందరి డబ్బాల మీద తేదీ నేనే రాసి ఇస్తాను.

శ్వాస_కర్నూలు
కర్నూలులో ఊపిరితిత్తుల వైద్యుణ్ని. ఇక్కడ ఎవరికీ మందులు రాయను, మీ వైద్యుడే రాయాలి. కానీ రెండు విషయాలు స్పష్టం చేయాలి, ఎందుకంటే ఈ చర్చలో రెండూ కలిసిపోతున్నాయి.

@తాడిపత్రి_బండ గారూ, మీ తమ్ముడి విషయంలో అసలు అపరాధి కసరత్తు కాదు, దుమ్ము ఒక్కటే కూడా కాదు. నీలం పంపు బిగిసిన గొట్టాలను కాసేపు వదులు చేస్తుంది. లోపలి వాపును అది తగ్గించదు. వాపు అలాగే పెరుగుతూ పోతుంటే పైకి మాత్రం "పీలిస్తే బాగుంది" అనిపిస్తుంది. అందుకే ప్రపంచ ఉబ్బసం మార్గదర్శకాలు, అంటే జినా వారివి, 2019 నుంచి పెద్దవారికి నీలం పంపు ఒక్కదానితోనే చికిత్స చేయవద్దని చెబుతున్నాయి. వాపు తగ్గించే స్టెరాయిడ్ పీల్పు మందు తప్పకుండా తోడుండాలి. ఏడాదికి మూడు నీలం డబ్బాలు ఖాళీ చేస్తున్నారంటేనే ప్రమాదం పెరుగుతున్నట్టు లెక్క. ఇదంతా ఆ రోజు మీకు తెలిసే అవకాశం లేదు. "పీల్చరా" అన్న మాటను జీవితమంతా మోయకండి.

@గుత్తికోట_ఉదయం, మీరు వారానికి మూడు నాలుగు సార్లు అన్నారు. వారానికి రెండుకు మించిందంటే మీ ఉబ్బసం అదుపులో లేదు. ఈ స్థితిలో వెళ్తానంటే నేనూ వద్దనే అంటాను. కానీ ఇది సెప్టెంబరు, మీ చేతిలో నాలుగు నెలలు ఉన్నాయి. మీ మాట పూర్తిగా వినే వైద్యుణ్ని వెతుక్కోండి. స్పైరోమెట్రీ, అంటే ఊపిరితిత్తుల పనితీరు కొలిచే ఊదుడు పరీక్ష, చేయించుకోండి. రోజువారీ పీల్పు మందు మొదలుపెట్టి క్రమం తప్పకుండా వాడితే, కసరత్తు తర్వాత వచ్చే బిగుతు కూడా కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది.

పరుగు వల్ల బిగుతు ఎందుకు వస్తుందంటే, ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తాం. గట్టిగా పరుగెత్తేటప్పుడు అది వంద లీటర్లు దాటవచ్చు. ముక్కు గాలిని వెచ్చచేసి, తడిపి లోపలికి పంపుతుంది. అంత గాలిని ముక్కు భరించలేదు కాబట్టి నోరు తెరుస్తాం. పొడిగాలి నేరుగా గొట్టాల్లోకి పోయి లోపలి పొర తడి ఆరిపోతుంది. ఆరిన పొర నుంచి హిస్టమిన్ లాంటి రసాయనాలు విడుదలై కండరాన్ని బిగిస్తాయి. చల్లటి గాలి ఎంత చల్లగా ఉంటే అంత పొడిగా ఉంటుంది. కాబట్టి మీ శత్రువు చలి ఒక్కటే కాదు, ఆ పొడితనం కూడా.

కల్యాణదుర్గం_రైతు
పంపు ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వదలదని, అది చివరి దశ మందని మా వైపు అందరూ అంటారు. మా అబ్బాయికి పన్నెండేళ్లు. వేరుశనగ నూర్పిళ్లప్పుడు రాత్రంతా కూర్చునే నిద్రపోతాడు. మా నాన్న ఏటా మృగశిర కార్తెకు చేప మందు వేయిద్దాం అంటాడు. రెండు సార్లు నాంపల్లికి తీసుకెళ్లాం కూడా. ఏది నమ్మాలి?

శ్వాస_కర్నూలు
పంపు చివరి దశ కాదు, మొదటి మెట్టు. మాత్ర మింగితే మందు ఒళ్లంతా తిరుగుతుంది, అందుకే మిల్లీగ్రాముల్లో వేయాలి. పీల్చే మందు కావలసిన చోటికే పోతుంది కాబట్టి మైక్రోగ్రాములు చాలు. ఒక మిల్లీగ్రాములో వెయ్యి మైక్రోగ్రాములు. స్టెరాయిడ్ పంపు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయిస్తే చాలు, నోట్లో పూత చాలావరకు రాదు.

చేప మందు ఉబ్బసాన్ని తగ్గిస్తుందన్న శాస్త్రీయ రుజువు లేదు. పెద్దాయన నమ్మకాన్ని నొప్పించకండి, కానీ దాని కోసం పంపు ఒక్క రోజు కూడా ఆపకండి. నూర్పిడి రోజుల్లో అబ్బాయిని కళ్లం దగ్గరికి రానివ్వకండి. పొలం గట్ల మీద వయ్యారిభామ ఉంటే పూత రాకముందే పీకించండి. మన జిల్లాల్లో ఉబ్బసానికి ఆ మొక్క చేసే కీడు ఇంతా అంతా కాదు.

కల్యాణదుర్గం_రైతు
వయ్యారిభామ మా గట్టంతా ఉంది సార్. రేపే పీకిస్తాను.

పెన్నగట్టు
పీకేవారికి చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ ఇవ్వడం మరిచిపోవద్దు రైతన్నా. వట్టి చేతులతో పీకి మా పక్కింటాయన ఒళ్లంతా దద్దుర్లు తెచ్చుకున్నాడు.

ఇక నా అనుభవం. నేను మధ్యలో ఆపేసిన పరుగు గురించే రాస్తాను, పూర్తి చేసిన వాటి నుంచి నేను నేర్చుకున్నది తక్కువ. రెండు రోజుల పరుగు. మొదటి రోజు హాయిగా గడిచింది. రాత్రి బస దగ్గర పెద్ద చలిమంట వేశారు. అందరితో పాటు చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకున్నాను. చలిలో ఆ వెచ్చదనం ఎంత బాగుందో. పొగ గాలివాటున నా వైపే వచ్చింది, జరిగి కూర్చోవాలన్న ఆలోచన కూడా రాలేదు. తర్వాత దుమ్ము పట్టిన అద్దె రగ్గు కప్పుకుని పడుకున్నాను. తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చున్నాను, గాలి అందలేదు. రెండో రోజు బయలుదేరిన చోటే ఆగిపోయాను.

కాబట్టి అమ్మా, మూడు రోజుల పరుగులో పగళ్ల కంటే రాత్రుల గురించే ఎక్కువ ఆలోచించండి. రగ్గు మీదే తీసుకెళ్లండి, వెళ్లే ముందు ఎండలో వేసి దులపండి. మంటకు దూరంగా, పొగ రాని దిక్కున గుడారం అడగండి. భోజనం దగ్గర కట్టెల పొయ్యి ఉంటే పళ్లెం తీసుకుని ఇవతలికి వచ్చేయండి.

శ్వాస_కర్నూలు
మూడింటికి అన్నది కాకతాళీయం కాదు. ఊపిరితిత్తుల పనితీరు తెల్లవారుజామునే అట్టడుగుకు వెళ్తుంది. ఉబ్బసం ఉన్నవారిలో ఆ తేడా ఇంకా పెద్దది.

కడప_నుంచి_లీడ్స్
మాది కడప, ఇంగ్లండు ఉత్తరాన తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడ జనవరిలో స్పైన్ రేస్ అని ఒకటి జరుగుతుంది, 2012 నుంచి. పెన్నైన్ వే అనే కొండ బాట పొడవునా 268 మైళ్లు, అంటే సుమారు 431 కిలోమీటర్లు. గడువు ఏడు రోజులు. 2019లో జాస్మిన్ పారిస్ మగవాళ్లందరినీ వెనక్కి నెట్టి 83 గంటల 12 నిమిషాల్లో మొదటి స్థానంలో వచ్చింది. అప్పటికి ఆమె చంటిబిడ్డ తల్లి, మజిలీల దగ్గర ఆగి పాలు పిండుకుంటూ పరుగెత్తింది.

నేను చిన్న దూరాలే పరుగెత్తుతాను, నాకూ తేలికపాటి ఉబ్బసం ఉంది. శీతాకాలపు పరుగుల్లో మజిలీల దగ్గర సాయం చేస్తుంటాను. అక్కడ చూసినవి చెబుతాను.

మంచులో పరుగెత్తేవాడిని కాపాడేది ఆ పరుగు పుట్టించే వేడే. ఊపిరి బిగిసి నెమ్మదించిన మరుక్షణం చెమట పట్టిన బట్ట మంచుగడ్డ అవుతుంది. అందుకే ఆయాసం వచ్చి నిలబడ్డప్పుడు మొదట పంపు, వెంటనే పొడి స్వెట్టరు. చాలామంది మొదటిది చేసి రెండోది మరిచిపోతారు. పావుగంటలో ఒణుకు పట్టుకుంటుంది.

మెడ గుడ్డను ముక్కు, నోటి మీదికి లాక్కోండి. వదిలిన ఊపిరిలోని తడిని, వేడిని అది పట్టి ఉంచి, పీల్చే గాలికి తిరిగి ఇస్తుంది. గంటన్నరలో తడిసి బిర్రబిగుస్తుంది. అందుకే ఒకటి చాలదు, రోజుకు మూడు పెట్టుకోండి. తడిసినదాన్ని నడుముకు, లోపలి చొక్కాకు మధ్య దోపితే ఆరుతుంది.

పంపును సంచి పై జేబులో పెట్టకండి. డబ్బా చల్లబడితే పిచికారీ నీరసంగా వస్తుంది. ఒంటికి ఆనుకున్న లోపలి జేబులో ఉంచండి. రాత్రి స్లీపింగ్ బ్యాగులో మీతో పాటే పడుకోబెట్టుకోండి.

నల్లమల_బాటసారి
@కడప_నుంచి_లీడ్స్ అన్నా, చంటిబిడ్డ తల్లి మాట విని నాకు శివరాత్రి నడక గుర్తొచ్చింది. వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం. ఏడేళ్లుగా నడుస్తున్నాను. చంటిబిడ్డల్ని చంకనెత్తుకున్న తల్లులు, డెబ్బై దాటిన అవ్వలు ఆ లోయలోకి దిగి, మళ్లీ నిలువు మెట్లెక్కుతారు.

నాకు ఉబ్బసం ఉంది. అక్కడ నన్ను ఇబ్బంది పెట్టేది చలి కాదు, వేలమంది పాదాల కింద లేచే ఎర్ర దుమ్ము. తడి తువ్వాలు ముఖానికి కట్టుకుని, గుంపులు కదలకముందే రాత్రి రెండింటికి బయలుదేరుతాను. రాత్రి మంచుకు దుమ్ము అణిగి ఉంటుంది.

కోవెలకుంట్ల_కుర్రాడు
నల్లమలలోనే సాధన చేయవచ్చు కదా అక్కా? మా కర్నూలు జిల్లాలో అహోబిలం కొండలు కూడా ఉన్నాయి.

నల్లమల_బాటసారి
అది పులుల అభయారణ్యం తమ్ముడూ. శివరాత్రి, ఉగాది రోజుల్లో యాత్రికులను అనుమతిస్తారు. మిగతా రోజుల్లో అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. ఒంటరి పరుగు అసలే వద్దు. అహోబిలం ఇప్పుడు నంద్యాల జిల్లా, మీ కోవెలకుంట్ల కూడా అంతే.

కోవెలకుంట్ల_కుర్రాడు
2022లో కాగితం మారింది అన్నా, నోరు ఇంకా మారలేదు.

అక్కా, ఇంకో ప్రశ్న, తప్పుగా అనుకోవద్దు. మందు పీల్చి పరుగెత్తితే మందు వాడనివారికి అన్యాయం కాదా?

శ్వాస_కర్నూలు
మంచి ప్రశ్నే. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నియమం ఇది. సాల్బ్యుటమాల్, అంటే నీలం పంపు, 24 గంటల్లో 1600 మైక్రోగ్రాముల వరకు అనుమతి. అందులోనూ 2022 నుంచి ఏ ఎనిమిది గంటల్లోనూ 600 దాటకూడదు, అంటే ఆరు నొక్కులు. ఎక్కువసేపు పనిచేసే మరో పీల్పు మందు ఫార్మోటెరాల్ 24 గంటల్లో 54 మైక్రోగ్రాముల వరకు. పీల్చే స్టెరాయిడ్ మీద నిషేధం లేదు. స్టెరాయిడ్ మాత్రలు మాత్రం పోటీ రోజుల్లో నిషిద్ధం, ముందుగా వైద్య మినహాయింపు తీసుకోవాలి.

2003లో లండన్‌లో 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో మారథాన్ పూర్తిచేసి ప్రపంచ రికార్డు నెలకొల్పిన పౌలా రాడ్‌క్లిఫ్‌కు ఉబ్బసం ఉంది. ఆ మందు ఆమెకు రెక్కలు తొడగలేదు, మూసుకుపోయే దారిని తెరిచి ఉంచింది.

ఒక మాట గుర్తుంచుకోండి. నిజంగా ఊపిరి అందని ప్రమాదం వస్తే ఈ ఆరు నొక్కుల లెక్క చూడకూడదు. స్పేసర్, అంటే పంపుకు తగిలించే గొట్టం, పెట్టి ఒక్కొక్క నొక్కుగా, అర నిమిషం నుంచి నిమిషం ఎడంతో, పది వరకు పీల్చాలి. తగ్గకపోతే ఆసుపత్రికి. ప్రాణం ముందు, పతకం తర్వాత. అత్యవసరంగా వాడిన మందుకు తర్వాతైనా మినహాయింపు అడగవచ్చు.

గుత్తికోట_ఉదయం
స్పేసర్ మూడు రోజుల సంచిలో పట్టేలా లేదు. గట్టి గొట్టం, చాలా చోటు తింటోంది.

మందుల_షాపు_ప్రొద్దుటూరు
అరలీటరు నీళ్ల సీసా చాలు అమ్మా. నేను చేసే తీరు చెబుతాను. సీసా అడుగున పంపు నోటిని ఆనించి పెన్నుతో చుట్టూ గీయాలి. లావుపాటి ఇనుప తీగను ఆ నోటి ఆకారంలోనే వంచి, పటకారతో పట్టుకుని పొయ్యి మీద ఎర్రగా కాల్చాలి. గీత మీద పెట్టి నొక్కితే ప్లాస్టిక్ చుయ్యిమని కరిగి రంధ్రం పడుతుంది. గీతకు లోపలి పక్కనే కాల్చండి, పంపు బిగుతుగా పట్టాలి, చుట్టూ గాలి పోకూడదు. అంచులు గీసి, సీసాను కడిగి ఆరనివ్వండి. అడుగున పంపు దూర్చి, మూత తీసిన సీసా నోటిని మీ నోట్లో పెట్టుకుని, నొక్కిన వెంటనే నెమ్మదిగా లోతుగా పీల్చండి. పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగపట్టండి.

ఇది చిట్కా కాదు, కొనలేని చోట్ల వైద్యులే చెప్పే పద్ధతి. దారిలో సీసా నలిగితే ఇంకొకటి చేసుకోవచ్చు.

ఇంకొకటి. పరుగు ముందు రోజు నా దగ్గరికి వచ్చి డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ పట్టీలు అడిగేవారు ఎక్కువయ్యారు. ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి ఆ మాత్రలే ఆయాసం తెస్తాయి. ఆస్పిరిన్ కూడా అంతే. గంటల తరబడి చెమటోడ్చిన ఒంట్లో మూత్రపిండాలకూ మంచిది కాదు. మోకాలు నొప్పికి పక్కవాడు ఇచ్చిన మాత్ర వేసుకోకండి.

తాడిపత్రి_బండ
అందరూ రాసింది చదివాను. నా మనసు ఇంకా ఒప్పుకోలేదు. కానీ అమ్మా, వెళ్లేటట్టయితే రెండు పంపులు తీసుకెళ్లండి. రెండూ కొత్తవి.

గుత్తికోట_ఉదయం
మూడు తీసుకెళ్తాను అన్నా. ఒకటి నా దగ్గర, ఒకటి సంచిలో, ఒకటి నిర్వాహకుల వైద్యుడి దగ్గర. దరఖాస్తులో ఉబ్బసం ఉందని రాసి పంపాను.

గుత్తికోట_ఉదయం
(నవంబరు) కొత్త వైద్యురాలు దొరికారు. నలభై నిమిషాలు మాట్లాడారు. రోజూ రెండు పూటలా పీల్చే మందు మొదలుపెట్టి ఎనిమిది వారాలైంది. పోయిన నెలలో నీలం పంపు రెండే సార్లు అవసరం పడింది, రెండూ మా ఊళ్లో వేరుశనగ నూర్పిళ్ల వారంలోనే. ఎంత గట్టిగా ఊదగలనో కొలిచే పీక్ ఫ్లో మీటరు కొన్నాను. నా అత్యుత్తమ అంకె 380. వైద్యురాలు కాగితం మీద రాసిచ్చారు: 304 పైన ఉంటే మామూలుగా సాగవచ్చు, 304కీ 190కీ మధ్య ఉంటే జాగ్రత్త, 190 కిందికి పోతే ఆసుపత్రి. నేను దానికి ఇంకో గీత చేర్చుకున్నాను. పరుగు రోజుల్లో ఉదయం 300 దాటకపోతే బయలుదేరను.

పరుగుకు ముందు పావుగంట వార్మప్ చేస్తున్నాను, మధ్యలో అర నిమిషం చొప్పున వేగపు పరుగులు. చేసిన రోజున ఆగాక బిగుతు తక్కువ. ఎక్కేటప్పుడు మాట్లాడలేకపోతున్నానంటే నడకకు దిగిపోతున్నాను.

పెన్నగట్టు
డిసెంబరు రెండో వారంలో గండికోట రండి. వరుసగా రెండు రోజులు, రోజుకు 35. రెండో రోజు ఉదయం మీ అంకె ఎంత ఉంటుందో చూద్దాం. అసలు పరీక్ష అదే. అమ్మగారిని కూడా తీసుకురండి, మా ఇంట్లో దిగవచ్చు. మా ఆవిడ ఉగ్గాని, బజ్జీ చేస్తానంటోంది.

కోవెలకుంట్ల_కుర్రాడు
ఉగ్గాని బజ్జీ అంటే పరుగు లేకపోయినా నేను వస్తాను.

గుత్తికోట_ఉదయం
(డిసెంబరు) గండికోట వెళ్లొచ్చాం. అమ్మ వచ్చింది. మొదటి రోజు ధాన్యాగారం నీడలో చాప వేసుకుని, చేతిలో నా నోటు పుస్తకంతో కూర్చుంది. నేను తిరిగి వచ్చినప్పుడల్లా ముందు మీటరు చేతికి ఇచ్చేది, తర్వాతే నీళ్లు. మూడు సార్లు ఊదాలి, పెద్ద అంకె రాయాలి. రెండో సారి ఊదినప్పుడు "గట్టిగా ఊదలేదు, మళ్లీ ఊదు" అంది. మూడు నెలల తర్వాత పరుగు గురించి ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

మొదటి ఉదయం 375. రెండో ఉదయం 350. రెండో రోజు పరుగు అయ్యాక 330, అరగంటలో 360. పంపు అవసరం రాలేదు. పెన్న లోయ అంచున గాలి గట్టిగా కొట్టింది, మెడ గుడ్డ బాగా పనిచేసింది.

శ్వాస_కర్నూలు
అంకెలు బాగున్నాయి. మూడు నాలుగు రోజుల ముందే అక్కడికి చేరుకోండి. భోగి మంటల పొగలో నిలబడి ఆ రాత్రే రైలెక్కకండి.

తాడిపత్రి_బండ
ఏ తేదీన బయలుదేరుతున్నారో చెప్పండి.

గుత్తికోట_ఉదయం
(జనవరి) ఇంటికి చేరాను. క్షేమం.

మొదటి ఉదయం 370. చలి నేను ఊహించినదానికంటే ఎక్కువ. మొదటి గంట ఊపిరి గొంతులో గరుకు కాగితంలా గీసుకుంది, తర్వాత సర్దుకుంది. 48 పూర్తి. రాత్రి మంటకు దూరంగా గుడారం ఇచ్చారు. దరఖాస్తులో రాసినందువల్లే వారి వైద్యుడు పేరు పెట్టి పిలిచి మరీ మాట్లాడాడు.

రెండో ఉదయం 340. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర గాలివాన, కొంచెం మంచు. ఒకసారి నిలబడి రెండు నొక్కులు పీల్చి, వెంటనే స్వెట్టరు వేసుకున్నాను. లీడ్స్ అన్న మాట చెవిలో మోగింది. 46 పూర్తి, చీకటి పడ్డాక.

మూడో ఉదయం నాలుగున్నరకు ఊదాను. 260. మళ్లీ ఊదాను, 255. రెండు నొక్కులు పీల్చి ఇరవై నిమిషాలు ఆగాను, 290. బయట అందరూ తలదీపాలు పెట్టుకుని బూట్లు కట్టుకుంటున్నారు. కాళ్లలో నొప్పి లేదు, ఇంకా 36 మాత్రమే ఉంది. 290కీ 300కీ తేడా పదే కదా అనుకున్నాను. నోటు పుస్తకంలో అమ్మ గుండ్రటి అక్షరాలతో 300 కింద రెండు గీతలు గీసి ఉంది. నంబరు చీటీ విప్పి వైద్యుడికి ఇచ్చేశాను. వాళ్లు జీపులో కిందికి దించారు. మధ్యాహ్నానికి పిల్లికూతలు బాగా పెరిగాయి, ఆసుపత్రిలో నెబ్యులైజర్ పెట్టారు. సాయంత్రానికి 330.

రెండు రోజులు ఏడ్చాను, అది దాచను. వచ్చే ఏడాది మళ్లీ వెళ్తాను.

పెన్నగట్టు
94 కిలోమీటర్లు. మంచులో. ఆ 290 దగ్గర ఆగడం నాకు మొదటిసారి చేతకాలేదు అమ్మా.

తాడిపత్రి_బండ
మీరు ఆ ఉదయం వెళ్లి ఉంటే మధ్యాహ్నం ఆ పిల్లికూతలు కొండ మీద వచ్చేవి. ఇవాళ మా యూనిట్‌లో పనిచేసేవారందరినీ అడిగాను. ముగ్గురు నీలం పంపు వాడుతున్నారు, ముగ్గురి డబ్బాల మీదా తేదీ లేదు. శనివారం వాళ్లను కర్నూలు తీసుకెళ్తున్నాను. డాక్టరు గారూ, ఎన్ని గంటలకు రమ్మంటారు?

శ్వాస_కర్నూలు
తొమ్మిదికి రండి. వాడుతున్న డబ్బాలన్నీ, ఖాళీవి కూడా, వెంట తీసుకురండి.

కల్యాణదుర్గం_రైతు
సీసా అడుగున రంధ్రం చేసే తీగ ఎంత లావుండాలి? సైకిలు చక్రం పుల్ల పెడితే సన్నగా ఉంది, ఆకారం నిలవడం లేదు.

గుత్తికోట_ఉదయం
బకెట్టు పట్టుకునే కమ్మి ఉంటుంది చూడండి, ఆ లావు. పాత బకెట్టుది తీసి వంచాను, ఒక్కసారికే వచ్చింది.